గోడెక్కిన స్టీరింగు

మా బావకు "నాకు తెలియదు" అన్న మాట రాదు. నీళ్ళ మోటారు ఎందుకు కాలిపోయిందో, తలుపు ఎందుకు బిగుసుకుందో, పక్కింటావిడకు మోకాలు ఎందుకు నొప్పి పుడుతోందో, అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. ఊళ్ళో ఆయన పేరు మైకు. ఎగతాళికి పెట్టిన పేరే అది. ఆయన మాత్రం దాన్ని బిరుదనుకుని, ఎవరైనా అలా పిలిస్తే మెడ కాస్త నిటారు చేసుకుంటాడు.

వయసులో ఉండగా విడిభాగాల కొట్టులో రెండేళ్ళు పని చేశాడు. చీటీ మీది నంబరూ పెట్టె మీది నంబరూ ఒకటేనో కాదో చూసి, పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టడం ఆ పని. పెట్టెలో ఉన్నది ఎక్కడ బిగుస్తుందో, ఎందుకు బిగుస్తుందో చూడాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ పడలేదు. తరవాత కొట్టు మూతపడింది. మాటలు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి: టార్కు, టాలరెన్సు, అలైన్‌మెంటు. టైర్ల గాలి కొలిచే గేజి ఒకటి చొక్కా జేబుకు పెన్నులా తగిలించుకుని తిరుగుతాడు. ఇరవై ఏళ్ళలో అది ఏ టైరుకూ తగలడం నేను చూడలేదు. టీ కొట్టు బల్ల మీద టకటకా కొట్టి నలుగురి చూపూ తన వైపు తిప్పుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఆయన గోళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉంటాయి. గోళ్ళు శుభ్రంగా ఉండటం తప్పని నేననను. ట్రాక్టరు మరమ్మతు మీద గంటసేపు పాఠం చెప్పిన మనిషి గోళ్ళు అంత తెల్లగా ఉంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఇంట్లో పని చేసేది మా అక్క. ఆమె మామగారు వదిలి వెళ్ళిన పాత ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, గుట్ట మీది బట్టీ నుంచి ఇటుకలు కిందికి చేరుస్తుంది. ఆ పెద్దాయన ఆ బండిని ముప్పై ఏళ్ళు నడిపాడు. మాట్లాడటం ఆయనకు చేతకాదని జనం అనుకునేవాళ్ళు. బండి చప్పుడు రవ్వంత మారితే చాలు, ఎక్కడున్నా ఆపి, దిగి, కిందికి దూరి చూసేవాడు. ఒక్కగానొక్క కొడుకు పక్కన నిలబడి కారణం వివరిస్తుండేవాడు. అప్పటికి పెద్దాయన మరమ్మతు సగం పూర్తిచేసి ఉండేవాడు.

గుట్ట దారి ఎలాంటిదో చెప్పాలి. నిండు ట్రాలీతో అక్క రోజుకు ఆరుసార్లు ఆ వాలు దిగుతుంది. వాలు చివర ఎడమకు ఒక మలుపు. మలుపుకు ఎదురుగా రాళ్ళు తవ్వేసి వదిలిన గుంట. దానికి కంచె లేదు. చేతిలో స్టీరింగు ఎంత తిరిగితే కింద చక్రాలు అంత తిరగాలి. ఆ రెంటికీ మధ్య ఉన్నదల్లా స్టీరింగు షాఫ్టు అనే మూడడుగుల ఇనుప కడ్డీ ఒక్కటే. అది మాట తప్పితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే గుంటలోకి ఒకసారి తొంగిచూస్తే చాలు.

నాలుగేళ్ళ కిందట అక్క భుజాలు లాగేస్తున్నాయంది. పాత బండి, స్టీరింగు బరువు. ముందు ఇరుసు విప్పి, అందులో అరిగిపోయిన బుష్ గొట్టాలు మార్చి, గ్రీజు పట్టిస్తే సగం బరువు తగ్గేది. అది ఒళ్ళు వంచే పని. బావకు అంతకన్నా గొప్ప ఆలోచన తట్టింది.

"స్టీరింగు ఎంత పెద్దదైతే అంత తేలిక. లివరేజి!" అన్నాడు.

ఎక్కడో తుక్కులోంచి ఒక బస్సు స్టీరింగు తెచ్చాడు. పళ్ళెం తీసేసి గుండిగ మూత పెట్టినట్టు ఉంది. దాని మధ్య రంధ్రం చిన్నది, షాఫ్టు లావు. నా దగ్గరికి తెస్తే నేను ఊరుకోనని తెలుసు కాబట్టి, దారిన పోయే గ్రైండరు వాడిని పట్టుకుని షాఫ్టు పై చివరను నాలుగో వంతు అరగదీయించాడు. బస్సు స్టీరింగు బిగిసింది. తేలిగ్గానే తిరిగింది కూడా. ఇంకేం, ఆ పూటకు టీ కొట్టు చాల్లేదు.

పెద్దాయన పట్టుకున్న అసలు స్టీరింగును ఇంటికి పట్టుకెళ్ళి, మధ్యలో గడియారం బిగించి, ముందు గదిలో గోడకు తగిలించాడు.

మనిషి మంచివాడు కాదా అంటే, మంచివాడే. తాగడు, తిట్టడు, అక్క మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. ఇంత మంచితనం ఉండి కూడా మనుషుల ప్రాణం మీదికి తేగలగడమే ఆయన ప్రత్యేకత.

అక్కకు ఒక పద్ధతి ఉంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగు నడినెత్తిన వచ్చే చోట ఒక ఎర్ర పేలిక కట్టుకుంటుంది. ఎదురుగా గుంట పెట్టుకుని చక్రాల వైపు వంగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. పేలిక నెత్తిన ఉంటే చక్రాలు తిన్నగా ఉన్నట్టు. బస్సు స్టీరింగు వేసిన ఏడాదికి ఆ పేలిక కొంచెం పక్కకు జరిగింది. చక్రాలు తిన్నగానే ఉన్నాయి, పేలిక మాత్రం బెత్తెడు అవతల ఉంది. అక్క మొగుణ్ణి అడిగింది. అసలు పొరపాటు అక్కడే జరిగింది.

"పాత బళ్ళలో స్టీరింగు నడుస్తుంది. టైర్లు అరిగేకొద్దీ సెట్టింగు జరుగుతుంది. ఏడాదికోసారి పేలిక విప్పి నెత్తిన కట్టుకుంటే సరి," అన్నాడట బావ.

అంతటితో ఆగితే ఆయన మైకు ఎందుకవుతాడు? ఊళ్ళో పాత ట్రాక్టర్ల సంఘం అని ఒకటుంది. మిగతావాళ్ళకు తీరిక లేక ఆయన దానికి అధ్యక్షుడయ్యాడు. అక్కడ పేలిక సిద్ధాంతం చెప్పాడు. ఆరు నెలల్లో మరో ఐదు బళ్ళకు బస్సు స్టీరింగులూ, వాటి నెత్తిన ఎర్ర పేలికలూ వచ్చాయి. నీళ్ళ ట్యాంకరు లాగే ఆయన్ని ఒకరోజు ఆపి, ఇది మంచిది కాదు, పాత స్టీరింగు వేసుకోండి అన్నాను. ఆయన నా మసి చేతుల వైపు జాలిగా చూశాడు.

"నీకు పని తెలుసమ్మా, కాదనను. థియరీ మైకుగారికి తెలుసు," అన్నాడు.

ఆ తరవాత నేను ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. అదీ నా తప్పే. చెప్పేవాళ్ళంటే నాకున్న చిరాకు కొద్దీ, చెప్పాల్సింది కూడా మింగేశాను.

ఊరి చివర రేకుల షెడ్డులో నాకు ఇనుమును తిప్పి కోసే లేతు ఒకటి, ఒక డ్రిల్లు, బిగించి పట్టుకునే వైసులు రెండు ఉన్నాయి. ఆ మంగళవారం పొద్దున షెడ్డు ముందు ట్రాక్టరు ఆగిన చప్పుడైంది.

"ఏమే, ఉన్నావా?"

"ఏంటక్కా, ఇవాళ బట్టీ లేదా?"

"వెళ్ళే దారిలోనే వచ్చా. ఇదిగో, ఈ పేలిక చూడు. నిన్న కట్టాను, మళ్ళీ జరిగింది. ఈ నెలలో ఇది మూడోసారి."

"ఇంతకుముందు ఎన్నాళ్ళకోసారి కట్టేదానివి?"

"ఏడాదికోసారి. మీ బావ అంతే కట్టమన్నారు." టీ కొట్టు వైపు ఒకసారి చూసి, "ఆయనకు చెప్పకుండా వచ్చా," అంది.

నా చేతిలోని స్పానరు బెంచి మీద పెట్టేశాను.

"దిగక్కా."

"లోడుకు టైమవుతోందే."

"ముందు నువ్వు దిగు."

స్టీరింగు పీకి, కింది గేరు పెట్టె విప్పి, షాఫ్టు బయటికి లాగేసరికి రెండు గంటలు పట్టింది. బెంచి మీద పడుకోబెట్టి కిరోసినుతో తుడిచాను. గ్రైండరు వాడు అరగదీసిన చోట లావు షాఫ్టు ఒక్కసారిగా సన్నబడింది. ఆ మెట్టు మూల కత్తితో కోసినట్టు పదునుగా ఉంది. ఇనుముకు అలాంటి మూల మహా చెడ్డది. బరువంతా వచ్చి అక్కడే కూర్చుంటుంది. సన్నబడిన మెడ దగ్గర గ్రైండరు గీతలు నిలువుగా ఉండాల్సింది పోయి, తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉన్నాయి.

మెకానిక్కు అక్కర్లేదు, బట్టలుతికే ఎవరికైనా అర్థమయ్యే సంగతే. స్టీరింగు నడవలేదు. నాలుగేళ్ళుగా షాఫ్టు మెడ తిరిగిపోతోంది. అది తిరిగినప్పుడల్లా మేము పేలిక సర్దుకుని, సర్దుకున్నామని సంతోషించాం.

ఈలోగా మైకు రానే వచ్చింది. టీ కొట్టు నుంచి చూస్తే నా షెడ్డు కనిపిస్తుంది.

"ఏం మరదలా, బంగారం లాంటి బండిని ముక్కలు చేశావు?"

"షాఫ్టు పగిలింది బావా."

"ఎవరన్నారు?"

"అదే అంటోంది. కూర్చోండి, విందురుగాని."

మెడ చుట్టూ మళ్ళీ కిరోసిను రాసి, పది నిమిషాలు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దముక్క పొడి చేసి అద్దాను. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరోసిను ఊరి సుద్దను తడుపుతుంది. అది ఎవరో చెప్పగా వినే సంగతి కాదు, కళ్ళతో చూసేది. చూస్తుండగానే తెల్లటి సుద్ద మీద సన్నని నల్లగీత ఒకటి పుట్టి, మెట్టు మూల వెంబడి ముప్పావు వంతు చుట్టూ పాకింది.

బావ గేజి తీసి ఆ గీత మీద ఆనించాడు. ఆ గేజి ఒక పనికి తగలడం అదే మొదటిసారి అనుకుంటాను, అదీ తప్పు పనికి.

"ఇది పగులు కాదు. పోత గీత. పాత ఇనుములో ఉంటుంది."

"ఇది పోత ఇనుము కాదు బావగారూ."

"అదే, ఆ రోజుల్లో సాగగొట్టేటప్పుడు పడే గీత. నీకు తెలియదులే. పోనీ, నీ తృప్తి కోసం చుట్టూ ఒక వెల్డింగు కొట్టెయ్. గ్రైండు చేసి రంగేస్తే కొత్తదే. ఆదివారం సంఘం మీటింగుకి బండి అక్కడ నిలబడాలి."

"స్టీరింగు షాఫ్టుకి, పగులు మీద, వెల్డింగు?"

"ఎందుకు కొట్టరూ? ఓడలే వెల్డింగు మీద తేలుతున్నాయి."

నేను నోరు తెరిచేలోపు అక్క లేచింది. అంతసేపూ మూల స్టూలు మీద కూర్చుని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. షాఫ్టు లావు భాగాన్ని వైసులో పెట్టి తనే బిగించింది. బస్సు స్టీరింగు తెచ్చి పై చివరకు తొడిగి నట్టు బిగించింది.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాడు బావ.

"రోజూ చేసేదే."

మలుపు దగ్గర తిప్పినట్టే, కాలు ముందుకు పెట్టి, రెండు చేతులతో ఎడమకు లాగింది. ఒకసారి లాగింది. రెండోసారి లాగింది. మూడోసారి పెద్ద చప్పుడు కూడా కాలేదు, ఎండుపుల్ల విరిచినట్టు టప్పుమంది. స్టీరింగు అక్క చేతుల్లోకి వచ్చేసింది. ఆమె దాన్ని పట్టుకుని రెండడుగులు వెనక్కి తూలింది.

విరిగిన ముఖం చూశాను. ముప్పావు వంతు నల్లగా, మురికిగా, ఏడాది కిందటి పగులు. పావు వంతు మాత్రం వెండిలా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ ఆ చిటికెన వేలంత ఇనుము మీద మా అక్క గుట్ట దిగింది.

అక్క కూడా చూసింది. స్టీరింగును నేల మీద పెట్టి, చేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది.

"నిన్న ఆరు లోడులు దించాను," అంది. ఎవరితో అన్నదో తెలియదు.

బావ మాట్లాడలేదు. షెడ్డు గడియారం చూసి చెబుతున్నాను, నాలుగు నిమిషాలు మాట్లాడలేదు. మా ఎరుకలో అది రికార్డు. అయిదో నిమిషంలో, "ఇదిగో, ఇలా వైసులో బిగించి గుంజితే ఏదైనా విరుగుతుంది," అన్నాడు.

ఆ మాటకు అక్క ఆయన వైపు చూసిన చూపు నా మీద పడి ఉంటే నేను ఊరు మారిపోయేదాన్ని.

బట్టీ మేస్త్రి శనివారం వరకు ఆగుతానన్నాడు. అప్పటికి బండి రాకపోతే ఆ వంతు ఇంకో ట్రాక్టరుకు ఇచ్చేస్తాడు. ఆ వంతు పోతే ఇంటికి వచ్చేదంతా పోయినట్టే. మైకుకు ఇప్పటివరకు ఎవరూ జీతం ఇవ్వలేదు.

ఆ బండికి కొత్త షాఫ్టు ఎక్కడా దొరకదు, తయారుచేసిన వాళ్ళే లేరు. తుక్కు కొట్టులో వెతికి ఒక లారీ యాక్సిలు ఏరుకున్నాను. బరువు మోసి, మెలికలు తట్టుకుని బతికిన ఇనుము. ఎర్రగా కాల్చి, నిండా బూడిద కప్పి, మర్నాటి దాకా దాని జోలికి పోలేదు. మెల్లగా చల్లారితేనే అది మెత్తబడి లేతు మాట వింటుంది. తొందరపడి నీళ్ళు పోసేవాళ్ళుంటారు. వాళ్ళే తరవాత ఇనుము మంచిది కాదంటారు.

షాఫ్టు పై చివర కాస్త కోసుగా, పైకి పోనుపోను సన్నబడుతూ ఉండాలి. అసలు స్టీరింగు రంధ్రానికి సరిపడేలా కోయాలంటే ఆ స్టీరింగు నా చేతిలో ఉండాలి. అది గోడ మీద టైము చూపిస్తోంది. బుధవారం సాయంత్రం ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం.

ముందు గదిలో బావ కుర్చీలో కూర్చుని ఆదివారం ఉపన్యాసం రాసుకుంటున్నాడు. అక్క స్టూలు లాగి గోడ దగ్గర వేసింది.

"ఏంటి, ఏంటి? అది నాన్నగారి జ్ఞాపకం! దాన్ని ముట్టుకోకు!"

"జ్ఞాపకం ట్రాక్టరు మీద ఉండేది. మీరే ఊడదీశారు."

"ఆ గడియారం సెట్టింగు నీకు తెలియదు, జాగ్రత్త..."

అక్క గడియారాన్ని వేలితో వెనక నుంచి తోసి, ఊడి వచ్చినదాన్ని ఆయన ఒళ్ళో పెట్టింది. అది ఆయన ఒళ్ళో టిక్కుటిక్కుమంటూనే ఉంది. చెప్పిందే చెప్పడంలో ఆ ఇద్దరికీ బాగానే కుదిరింది.

స్టీరింగు తీసుకొచ్చి వెలుతురులో తిప్పి చూశాను. నల్లటి పట్టు మీద రెండు చోట్ల, గడియారంలో పదీ రెండూ ఉండే చోట్ల, నున్నగా పల్లాలు పడి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పెద్దాయన బొటనవేళ్ళు ఆనిన చోటు. అక్క తన బొటనవేళ్ళు వాటిలో ఆనించి చూసింది. ఆమె వేళ్ళకు పల్లాలు కొంచెం పెద్దవి, అంతే.

"మామయ్య పేలిక ఎందుకు కట్టేవాడు కాదో ఇప్పుడు తెలిసింది," అంది.

మిగిలిన రెండు రోజులు పనే. పొడుగు కడ్డీ, లేతు మీద మధ్యలో వంగిపోతుంది. వంగకుండా నడుముకు ఆసరా పెట్టి, వెంట్రుక మందాన కోసుకుంటూ వచ్చాను. లావు నుంచి సన్నానికి దిగే చోట మూల వదలకుండా, చిన్నవేలి గోరు వంపులా గుండ్రంగా మలిచాను. చూసేవాళ్ళకు అది కనిపించదు, పైన గొట్టం కప్పేస్తుంది. కనిపించకపోయినా మొత్తం పనికి అదే ప్రాణం. పాత షాఫ్టు కింది చివరనున్న గేరు బాగానే ఉంది. దాన్ని లాగి, నూనెలో కాచి, వేడి మీద కొత్త షాఫ్టుకు తొడిగాను. చల్లారి పట్టేసింది.

స్టీరింగూ గేరూ జారకుండా పట్టుకునే తాళపు ముక్కలకు గాడులు రెండు కోయాలి, పైనొకటి, కిందొకటి. రెండూ ఒకే వరసలో ఉండాలి. బావ గురువారం వచ్చి, "పాతదాన్ని పక్కన పెట్టుకుని అచ్చం అలాగే కొట్టెయ్, కొలత ఎందుకు?" అన్నాడు. మెలి తిరిగిన దాన్ని చూసి కొడితే మెలి తిరిగిన బండే వస్తుంది. విన్నట్టు తలూపాను. ఆయనకు అదే చాలు, వెళ్ళిపోయాడు. గేరు ఎక్కించకముందే లేతు తిరగకుండా బిగించి, ఉలిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, షాఫ్టు పొడవునా ఒకే గీత గీసి పెట్టుకున్నాను. గాడులు రెండూ ఆ గీత మీదే కోశాను.

శుక్రవారం సాయంత్రానికి బండి ఒకటైంది. అక్క ఎక్కి చక్రాలు తిన్నగా పెట్టింది. పెద్దాయన బొటనవేళ్ళ పల్లాలు రెండూ సరిగ్గా సమానంగా, పైన అటొకటి ఇటొకటి నిలిచాయి. కొలిచి చూడాల్సిన పని లేకపోయింది. అయినా కొలిచాను.

శనివారం పొద్దున బట్టీ దగ్గర ట్రాలీ నిండింది. మైకు కూడా వచ్చింది, పని పర్యవేక్షించడానికి. బట్టీ మేస్త్రికి షాఫ్టుల చరిత్ర వినిపిస్తోంది.

అక్క సీట్లో కూర్చుని పిలిచింది. "ఏవండీ, ఎక్కండి."

"నేనా? ఎందుకు? కింద సంఘం వాళ్ళు ఎదురుచూస్తుంటారు, నేను అడ్డదారిన నడిచి పోతా."

"నాలుగేళ్ళు బాగుంది బాగుందని మీరన్నారు, దిగింది నేను. ఇప్పుడు బాగుందని చెల్లి అంటోంది. అది ఎక్కుతుంది. మీరూ ఎక్కండి."

నేను అప్పటికే కుడి మడ్‌గార్డు మీద ఉన్నాను. బట్టీ వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మేస్త్రి నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. బావ జేబులో గేజి ఉందో లేదో తడుముకుని, ఎడమ మడ్‌గార్డు మీదికి ఎక్కి, రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు.

బండి కదిలింది. మొదటి వంద గజాలు ఆయన రోడ్డు గురించి ఏదో చెప్పాడు. వాలు మొదలయ్యాక మాట సన్నబడింది. వెనక ఇటుకల బరువు తోస్తోంది, ఇంజను గుర్రుమంటోంది. ఎదురుగా గుంట కనిపించింది. నాలుగేళ్ళుగా దాని గురించి టీ కొట్టులో చెప్పిన మనిషి దాన్ని బండి మీద నుంచి చూడటం అదే మొదలు. పై నుంచి చూస్తే అది రోడ్డుకు కొనసాగింపులా ఉంటుంది.

ఆయన నా వైపు తిరిగాడు. ముఖం సుద్దలా ఉంది.

"మరదలా, నిజంగా గట్టిగానే చేశావు కదూ?"

ఇరవై ఏళ్ళ బంధుత్వంలో ఆయన జవాబు వినడానికి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు తనకు తెలియక అడిగిన ప్రశ్న, నా లెక్కలో ఆయన జీవితంలోనే మొదటిది.

"చూస్తారుగా బావా," అన్నాను.

అక్క రెండు చేతులతో ఎడమకు తిప్పింది. చక్రాలు ఎంత తిప్పితే అంత తిరిగాయి. గుంట మా కుడి పక్కకు జరిగి వెనక్కి పోయింది. అంతే. బాగా చేసిన పనిలో చెప్పుకోవడానికి ఏమీ జరగదు.

కింద లోడు దించాక, బావ దిగి కాళ్ళు సర్దుకుంటుంటే అక్క అంది, "రేపు సంఘంలో ఆ ఐదుగురికీ చెప్పండి."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. వాళ్ళ ఇళ్ళల్లోనూ మనుషులున్నారు."

ఆదివారం మీటింగుకు విరిగిన ముక్కలు రెండూ పట్టుకుని నేనూ వెళ్ళాను. ఉన్నదున్నట్టు ఎలా చెబుతాడో చూద్దామని. తప్పు ఒప్పుకునే మైకు ఎలా ఉంటుందో చూడాలనీ ఆశ పడ్డాను, ఎందుకు అబద్ధం.

బావ గేజితో బల్ల మీద కొట్టాడు. "మిత్రులారా! నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పరిశోధనలో ఒక కొత్త విషయం బయటపడింది. పేలిక జరిగిందంటే అర్థం ఏమిటి? షాఫ్టు మెడ తిరుగుతోందని అర్థం! పేలిక అన్నది ఒక హెచ్చరిక. అందుకే మీ చేత కట్టించాను!"

నేను కుర్చీలోంచి లేచాను. అక్క నా చెయ్యి పట్టి కిందికి గుంజింది.

"కూర్చో."

"వినబడటం లేదా? హెచ్చరికట! కట్టించాడట!"

"వినబడుతోంది. చెప్పుకోనీ."

"ఇదెక్కడి న్యాయమక్కా?"

"నువ్వు చెప్పావుగా ఆ ట్యాంకరాయనకి. ఆయన విప్పాడా?" అంది అక్క. "ఇప్పుడు చూడు."

చూశాను. ట్యాంకరాయన ముందు వరసలో కూర్చుని, విరిగిన ముక్కను చేతిలో తిప్పుతూ, నోరు కొద్దిగా తెరిచి వింటున్నాడు. బావ కిరోసిను గురించీ, సుద్దపొడి గురించీ, గుండ్రటి మూల గురించీ చెబుతున్నాడు. నేను బెంచి దగ్గర సణిగిన ప్రతి మాటా ఆయనకు గుర్తుంది. ఒక్క ముక్క తప్పు పోలేదు. ఆయనకు చెవులు కూడా ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

సోమవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి మూడు ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. ట్యాంకరాయన దిగి, నాకు వివరించడం మొదలుపెట్టాడు.

"చూడమ్మా, ముందు కిరోసిను రాయాలి. తరవాత సుద్దపొడి. మైకుగారు కనిపెట్టిన పద్ధతి, నీకు తెలిసి ఉండదు."

"చెప్పండి," అన్నాను, ఊడదీసిన షాఫ్టు తుడుస్తూ.

సుద్ద మీద నల్లగీత సగం చుట్టు పాకింది. ఆయన ముందుకు వంగి దాన్ని వేలితో తడిమాడు. ఈ మధ్య తన కూతురే ఆ బండి నడుపుతోందని అప్పుడు చెప్పాడు. ఆ తరవాత పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని ఒక్క థియరీ కూడా చెప్పలేదు.

నాలుగో బండి బుధవారం వచ్చింది. అయిదోది రాలేదు. ఇసుక తోలే మనిషి, ఎవరి మాటా వినడు. అక్క బావను పంపింది. "మైకు ఉన్నది అందుకేగా," అంది. ఆయన రెండు గంటలు మాట్లాడి, ఆ మనిషిని విసిగించి, ఆ బాధ పడలేక అతనే బండి తెచ్చేలా చేశాడు. ఆయన నాలుక ఒక మనిషిని బతికించడానికి పనికొచ్చిందని రాయాల్సి రావడం నాకు ఇష్టం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఆయనలో మార్పేమైనా వచ్చిందా అని అడుగుతారేమో. ముందు గదిలో గోడ మీద ఇప్పుడు బస్సు స్టీరింగు ఉంది, మధ్యలో గడియారం. ఎర్ర పేలిక నా లేతు పక్కన మేకుకు వేలాడుతోంది, చేతులు తుడుచుకుంటున్నాను. అక్క రోజుకు ఆరుసార్లు గుట్ట దిగుతోంది, బొటనవేళ్ళు ఆ పల్లాల్లో ఆనించి. అవి సమానంగా ఉంటే చక్రాలు తిన్నగా ఉన్నట్టు.

ఆ పల్లాలు వాళ్ళ నాన్న వేళ్ళు అరగదీసినవని అక్క ఆయనకు చెప్పింది. విన్నాడు, తలూపాడు. నిన్న టీ కొట్టు ముందు నుంచి వస్తుంటే బల్ల మీద గేజి చప్పుడు వినిపించింది. వేళ్ళు జారకుండా ఉండటానికి ఆ రోజుల్లో కంపెనీ వాళ్ళే స్టీరింగులకు అలా పల్లాలు పెట్టేవాళ్ళని చెబుతున్నాడు.